పెరిగిన ఊరు, ఎదిగిన ఊరు



నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. హౌరా నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న రైల్వే పట్టణం అది. మా చిన్నప్పుడు ఏ బడిలో క్విజ్ పోటీ పెట్టినా ఒక ప్రశ్న తప్పకుండా ఉండేది: ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఎక్కడుంది? జవాబు మా ఊరే కాబట్టి చేతులన్నీ ఒక్కసారిగా లేచేవి. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం రికార్డు 2013లో గోరఖ్‌పూర్‌కు పోయింది. అక్కడిది 1,366 మీటర్లు. 2023లో హుబ్బళ్ళి 1,507 మీటర్లతో దాన్నీ దాటింది. ఆ రెండు రోజుల్లోనూ మా ప్లాట్‌ఫారం ఒక్క మీటరు కూడా తగ్గలేదన్న సంగతి మీరు గమనించాలి. వరుస సంఖ్య మారింది, అంతే.

ఊళ్లకు ర్యాంకులు ఇచ్చినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. ముఖ్యంగా అమెరికా నగరాల జాబితాలు చూసినప్పుడు. అక్కడి పెద్ద నగరాల్లో ఏది వేగంగా పెరుగుతోంది, ఏది ప్రగతిశీలమైనది అని పత్రికలు ఏటా జాబితాలు వేస్తాయి. మీలో చాలామందికి డాలస్‌లోనో అట్లాంటాలోనో అన్నయ్యలు, పిన్ని కొడుకులు ఉండే ఉంటారు కనుక ఆ జాబితాలు మన ఇళ్లలోకీ వస్తాయి. మన భాషలో పెరగడం, ఎదగడం అని రెండు మాటలున్నాయి. గుమ్మడితీగ పెరుగుతుంది, పిల్లవాడు పెరుగుతాడు, ఎదుగుతాడు కూడా. ఈ రెండింటినీ కలిపేసి ఒకే జాబితాలో వేస్తే ఏం పోతుందో ఈ ప్రసంగంలో చూద్దాం. కొలబద్దగా మధ్యమధ్య మా ఖరగ్‌పూర్‌ను తెచ్చుకుంటాను.

ముందు చిన్న లెక్క. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో పేరు తెలుగువారికి కొత్త కాదు. 2000 జనగణనలో దాని జనాభా 33,714. 2010లో 1,16,989. అంటే పదేళ్లలో సుమారు 247 శాతం పెరుగుదల. అదే రాష్ట్రంలోని హ్యూస్టన్ ఆ పదేళ్లలో 19,53,631 నుంచి 20,99,451కి చేరింది. ఇది ఏడున్నర శాతం లోపే. శాతాల్లో చూస్తే హ్యూస్టన్ నిద్రపోతున్నట్టుంటుంది. కానీ ఫ్రిస్కోకు కొత్తగా చేరినవారు 83 వేలు, హ్యూస్టన్‌కు చేరినవారు లక్షా 45 వేలు. ఇంకో ఉదాహరణ: 2010, 2020 మధ్య న్యూయార్క్ పెరిగింది ఎనిమిది శాతం లోపే. మనుషుల్లో చెబితే 6,29,057 మంది. డెట్రాయిట్ నగరం మొత్తం జనాభా 2020లో 6,39,111. న్యూయార్క్ నెమ్మదిగా పెరిగిన ఆ పదేళ్లలో దాదాపు ఒక డెట్రాయిట్‌ను తనలో కలుపుకుందన్నమాట. శాతం చూపించినవారిని సంఖ్య అడగండి, సంఖ్య చూపించినవారిని శాతం అడగండి. దీనిమీద ఇంతకంటే చెప్పనవసరం లేదు.

అసలు చిక్కు నగరం చుట్టూ గీసే గీతలో ఉంది. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ జనాభా 1950లో 1,06,818. 2020లో 16,08,139. పదిహేను రెట్లు! ఇంతటి వేగం ఇంకెక్కడుంది అనిపిస్తుంది. ఇప్పుడు విస్తీర్ణం చూడండి. 1950లో ఆ నగరం సుమారు 44 చదరపు కిలోమీటర్లు. 2020 నాటికి సుమారు 1,340. అంటే విస్తీర్ణం ముప్పై రెట్లయింది. జనసాంద్రత కట్టి చూస్తే పెరగలేదు సరికదా, సగమైంది. ఎండకాలంలో ఒళ్లు మండిపోయే ఆ ఎడారికి జనం వచ్చిన మాట నిజమే. ఇళ్లలో ఎయిర్ కండిషనర్లు రావడం అందుకు పెద్ద కారణం. కానీ నగరం కూడా చుట్టుపక్కల నేలను కలుపుకుంటూ వారికి ఎదురు నడిచింది.

డెట్రాయిట్ కథ దీనికి తలకిందులు. 1950లో అక్కడ 18,49,568 మంది ఉండేవారు. 2020కి అందులో మూడింట ఒక వంతు మిగిలింది. 2013 జూలైలో ఆ నగరపాలన దివాలా ప్రకటించింది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. అయితే 1920ల నుంచి ఆ నగరం సరిహద్దు కదలలేదు. నగరమూ శివారు ఊళ్లూ కలిపి లెక్కిస్తే 2020లో సుమారు 44 లక్షలు. 1970లో ఉన్నదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. జనం ఎక్కడికో మాయమైపోలేదు. చాలామంది గీత దాటి పక్కకు వెళ్లారు, పన్నులు కూడా వారితోనే వెళ్లాయి. నగరంలో మిగిలినవారిలో పేదలు, నల్లజాతివారు ఎక్కువ. వీధిదీపాలకు, బడులకు డబ్బు లేకపోయింది. గీత కదలకపోవడం వల్ల ఒకే ప్రాంతంలో రెండు బతుకులు ఏర్పడ్డాయి. 2024 మేలో వెలువడిన అధికారిక అంచనాల ప్రకారం 1957 తర్వాత మొదటిసారి ఆ నగర జనాభా కాస్త పెరిగింది. పెరుగుదల రెండు వేల లోపే అయినా అక్కడ పండగ చేసుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

మన దగ్గరా ఇంతే. హైదరాబాదు నగరపాలక సంస్థ జనాభా 2001లో సుమారు 36 లక్షలు. 2011లో 67 లక్షలు దాటింది. మధ్యలో 2007లో పన్నెండు పురపాలక సంఘాలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పాటు చేశారన్నది చెప్పకుండా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే అది సగం నిజమే.

ఇక మా ఇంటి కథ చెబుతాను. జనగణన పుస్తకాల్లో ఖరగ్‌పూర్ చాలాకాలం రెండు పేర్లతో కనిపించేది. ఒకటి ఖరగ్‌పూర్ మునిసిపాలిటీ, రెండోది ఖరగ్‌పూర్ రైల్వే సెటిల్‌మెంట్. నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1981 జనగణన నాటికి మేం ఆరుగురం రైల్వే క్వార్టర్‌లో ఉన్నాం. 1986లో ఆయన రిటైరయ్యారు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలన్నది నియమం. ఊరికి తిరిగి వెళదామని అమ్మ, ఇక్కడే ఉందామని నాన్నగారు వారం రోజులు వాదించుకున్నారు. చివరికి రైల్వే హద్దు దాటిన చోట రెండు గదుల ఇల్లు కొన్నాం. సామాన్లన్నీ రెండు రిక్షాల్లో, నాలుగు విడతల్లో చేరిపోయాయి. అంత దగ్గర. కానీ 1991 లెక్కల్లో రైల్వే సెటిల్‌మెంట్ ఆరుగురిని పోగొట్టుకుంది, మునిసిపాలిటీ ఆరుగురిని సంపాదించింది. ఆ రెండు అంకెలను చూసిన పరిశోధకుడెవరైనా రైల్వే ప్రాంతం క్షీణిస్తోంది, పట్టణం పుంజుకుంటోంది అని రాసి ఉండవచ్చు. మేం మాత్రం అదే గోల్‌బజార్‌లో కూరలు కొనుక్కున్నాం.

మనుషులు ఒక నగరానికి ఎందుకు వస్తారు? ఖరగ్‌పూర్‌కు తెలుగువారు రావడానికి కారణం పటంలో కనిపిస్తుంది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న తూర్పు తీర రైలు మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. అదే కంపెనీ ఖరగ్‌పూర్‌లో పెద్ద జంక్షన్, దాని పక్కనే వర్క్‌షాపు కట్టింది. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కూలికి ఒకే కంపెనీ బండి ఎక్కితే పని దొరికే చోటికి చేరవచ్చు. ఒకరు వస్తే బావమరిది వస్తాడు, తర్వాత తమ్ముడు వస్తాడు. డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ 1914లో రోజు వేతనం ఐదు డాలర్లని ప్రకటించినప్పుడూ ఇలాగే జరిగింది. దక్షిణాది పత్తి చేల నుంచి నల్లజాతి కుటుంబాలు రైలెక్కి డెట్రాయిట్‌కు, షికాగోకు చేరాయి. అక్కడ కార్ల ఫ్యాక్టరీ, ఇక్కడ ఇంజన్ల వర్క్‌షాపు. రెండుచోట్లా పని దొరికింది, రెండుచోట్లా ఎవరు ఏ వీధిలో ఉండాలో పైవారు నిర్ణయించారు. దొరల బంగళాలు ఒక వైపు, కూలీల గదులు ఒక వైపు అన్నది మా రైల్వే కాలనీకి పునాదినాటి ప్రణాళిక.

ఇక్కడే ఎదగడం అన్న మాట మొదలవుతుంది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సమ్మె, ఆ తర్వాత లాకౌట్ జరిగాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక ఉద్యమంలో నాయకుడిగా ఎదిగిన తెలుగువాడు వి.వి.గిరి 1969లో ఈ దేశానికి రాష్ట్రపతి అయ్యారు. ఆ సమ్మె వల్ల ఊరి జనాభా పెరగలేదు. కానీ కూలీ అన్నవాడు తన బతుకు గురించి మాట్లాడే హక్కు ఉన్నవాడని ఊరు నేర్చుకుంది. దీన్ని ఏ జనాభా పట్టికలో వేస్తారు?

రైలు కట్టిన ఊళ్లు అమెరికాలోనూ ఉన్నాయి. రెండింటిని చూద్దాం. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ 1849లో అల్టూనా అనే ఊరిని తన వర్క్‌షాపుల కోసమే నిర్మించింది. మా ఖరగ్‌పూర్‌కు అక్కయ్య అనుకోండి. 1930లో అక్కడ 82 వేల మంది. ఆవిరి ఇంజన్ల స్థానంలో డీజిల్ వచ్చింది, ఇంజన్లు బాగుచేసే చేతులు అన్ని అవసరం లేకపోయాయి, కంపెనీ కూడా నిలవలేదు. 2020 నాటికి మిగిలింది 44 వేలు. రెండో ఊరు అట్లాంటా. 1837లో ఒక రైలు మార్గం చివర పాతిన గుర్తు దగ్గర అది మొదలైంది. దాని తొలి పేరు టెర్మినస్, అంటే రైలు దారి చివర అని. అది రైలునే నమ్ముకుని కూర్చోలేదు. విమానాశ్రయం పెంచుకుంది. 1998 నుంచి దాదాపు ప్రతి ఏడాదీ ప్రయాణికుల సంఖ్యలో ప్రపంచంలో మొదటి స్థానం ఆ విమానాశ్రయానిదే. విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, పెద్ద కంపెనీల కార్యాలయాలు వచ్చాయి. 1973లో మేయర్‌గా ఎన్నికైన మేనార్డ్ జాక్సన్, ఆ నగరపు తొలి నల్లజాతి మేయర్, విమానాశ్రయం పనుల కాంట్రాక్టుల్లో నల్లజాతి సంస్థలకూ వాటా ఉండాలని పట్టుబట్టి సాధించాడు. ఇంతా చేసి అట్లాంటా నగర జనాభా ఎంతనుకున్నారు? 1960లో 4,87,455. 2020లో 4,98,715. అరవై ఏళ్లలో పదకొండు వేలు! మధ్యలో 1990లో నాలుగు లక్షల దిగువకు కూడా పోయింది. పెరుగుదల అంతా శివార్లలో. నగర జనాభా పట్టిక ఒక్కటే చూసేవారికి అట్లాంటా కదలని ఊరు. అక్కడ ఆ అరవై ఏళ్లు బతికినవారిని అడిగితే మరోలా చెబుతారు.

ప్రగతిశీల నగరం అనగానే అమెరికన్లు ముందుగా చెప్పే పేర్లలో శాన్‌ఫ్రాన్సిస్కో ఒకటి. 2003లో ఓటు వేసి అక్కడి ప్రజలు తమ నగరానికి ప్రత్యేక కనీస వేతనం తెచ్చుకున్నారు. 2004లో అది గంటకు ఎనిమిదిన్నర డాలర్లు. టెక్సస్‌లో ప్రైవేటు యజమానులకు అలాంటి వేతనం నిర్ణయించే అధికారమే నగరాలకు లేదు. అక్కడ 2009లో దేశమంతటికీ నిర్ణయించిన ఏడుంబావు డాలర్లే కనీస వేతనం. పేదవాడి పక్షాన ఏ నగరం ఉంది అంటే శాన్‌ఫ్రాన్సిస్కో అనే చెబుతాం.

కానీ పేదవాడు ఎక్కడికి వెళుతున్నాడు? శాన్‌ఫ్రాన్సిస్కో 1950లో 7,75,357, డెబ్బై ఏళ్ల తర్వాత 8,73,965. హ్యూస్టన్ 5,96,163 నుంచి 23,04,580, దాదాపు నాలుగు రెట్లు. మూడు వైపులా నీరున్న శాన్‌ఫ్రాన్సిస్కోకు విస్తరించే చోటు లేదు, నిజమే. అయితే ఉన్న చోట కొత్త ఇళ్లు కట్టాలన్నా అనుమతులు, అభ్యంతరాలు, విచారణలు ఏళ్ల తరబడి సాగుతాయి. వీధి అందం చెడుతుందని ఒకరు, నీడ పడుతుందని ఒకరు. ఇల్లున్నవాడి మాట అక్కడ వినిపిస్తుంది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాడు ఇంకా ఊళ్లోకి రానేలేదు కదా, అతని మాట ఎవరు వింటారు? అద్దెలు ఆకాశాన్నంటాయి. హ్యూస్టన్‌లోనైతే ఏ స్థలం దేనికి వాడాలని నిర్దేశించే మామూలు జోనింగ్ చట్టమే లేదు. ఇళ్లు విరివిగా కట్టారు, ధరలు అందుబాటులో ఉన్నాయి. బస్సు దొరకని శివార్లు, కారు లేనిదే గడవని రోజులు, 2017లో హార్వీ తుపానుకు మునిగిన కాలనీలు కూడా ఆ నగరానివే. అయినా మరొకటి చెప్పాలి. ఇల్లు లేక వీధుల్లో, ఆశ్రయాల్లో గడిపేవారి సంఖ్యను 2011 తర్వాత పదేళ్లలో సగానికి పైగా తగ్గించింది హ్యూస్టన్. సంస్థలన్నీ కలిసి ముందు ఇల్లు ఇప్పించి, తర్వాత మిగతా సంగతులు చూశాయి. ఖాళీ ఇళ్లు తక్కువ అద్దెకు దొరకడం వల్లే అది సాధ్యమైంది. ప్రగతిశీలమని పేరున్న నగరం చేయలేని పనిని ఆ పేరు లేని నగరం చేసి చూపించింది. ఇందులో నాకు కొంచెం సంతోషం కూడా ఉందని దాచను. పేరును బట్టి మార్కులు వేయడం ఉపాధ్యాయుడికి కూడా అలవాటైపోయే దోషమే.

రెండూ ఉన్న నగరం లేదా అంటే ఉంది, టెక్సస్ రాజధాని ఆస్టిన్. ఉదారమైన ఆలోచనలకు పేరుపొందిన ఊరు, వేగంగా పెరిగిన ఊరు. 2000లో 6,56,562 ఉన్న జనాభా 2020కి 9,61,855 అయింది. జాబితాలు వేసేవారికి ముద్దుబిడ్డ. అయితే 2000, 2010 మధ్య ఆస్టిన్ జనాభా ఇరవై శాతం పెరిగితే అక్కడి నల్లజాతివారి సంఖ్య తగ్గింది. శాతంలో తగ్గడం కాదు, మనుషుల సంఖ్యే తగ్గింది. 1928 నాటి నగర ప్రణాళిక నల్లజాతివారిని తూర్పు వైపుకు నెట్టింది. డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత అదే తూర్పు వైపు స్థలాల ధరలు, పన్నులు పెరిగి వారిని ఊరి బయటికి నెట్టాయి. ఊరు పెరిగింది, మంచి పేరు తెచ్చుకుంది, తన పాత మనుషుల్లో కొందరిని పోగొట్టుకుంది. అందువల్ల నగరాలను పోల్చేటప్పుడు నేను ఒక ప్రశ్న ముందు వేసుకుంటాను: వచ్చినవాడు ఉండగలుగుతున్నాడా?

ఈ ప్రశ్న పట్టుకుని ఖరగ్‌పూర్‌కు వస్తాను. 1951లో ఇక్కడి హిజ్లీలో, ఒకప్పుడు స్వాతంత్ర్య యోధులను బంధించిన భవనంలో, దేశంలో తొలి ఐఐటీ మొదలైంది. అక్కడ చదివినవారు ప్రపంచమంతటా ఉన్నారు. 1993లో ఇక్కడ పట్టా తీసుకున్న సుందర్ పిచాయ్ గూగుల్ సంస్థకు అధిపతి అయ్యారు. కానీ ఆ ప్రాంగణం గోడకు ఇవతల వర్క్‌షాపు ఫిట్టరు కొడుకుగా పెరిగిన నాకు, ఆ గోడ ఇంకో రకం సరిహద్దు గీత. అంత గొప్ప సంస్థ పక్కనుంటే ఊరు ఎదిగినట్టేనా? దాని తలుపులోంచి ఊరి పిల్లలు ఎందరు లోపలికి వెళ్లారన్నదాన్ని బట్టి చెప్పాలి.

ఆవిరి ఇంజన్లు పోయాయి. 2003 ఏప్రిల్‌లో తూర్పు తీర రైల్వే వేరుపడి వాల్తేరు డివిజన్ అటు వెళ్లింది. మా తాతల నాటి ఒకే కంపెనీ దారి ఆఫీసు కాగితాల్లో రెండు ముక్కలైంది. అయినా ఖరగ్‌పూర్ అల్టూనాలా సగానికి పడిపోలేదు. పట్టణం, రైల్వే ప్రాంతం, పక్క ఊళ్లు కలిపి 2011లో మూడు లక్షలకు కాస్త తక్కువ. తెలుగు కుటుంబాల్లో కొన్ని తిరిగి వెళ్లాయి, కొన్ని మాలాగే హద్దు దాటి స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగునూ అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించినప్పుడు వార్తల్లో మా ఊరి పేరే వినిపించింది. వందేళ్లకు పైగా ఇక్కడ ఉన్నవారిని రాష్ట్రం తనవారిగా చూసిన సందర్భమది. అయితే గుర్తింపు కాగితం మీద ఉండటం వేరు, మథురాకాటిలోనో నింపురలోనో ఒక తెలుగు పిల్లవాడికి తన భాషలో చదివే పుస్తకం, చెప్పే అయ్యవారు దొరకడం వేరు. రెండోది కూడా ఊరి ఎదుగుదలకు కొలతే.

2021లో జరగవలసిన జనగణన జరగలేదు. కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రభుత్వం ప్రకటించింది. గణకుడు ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష ఏదని అడుగుతాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బయటివారికి హిందీ అని, బెంగాలీ అని చెప్పేవారిని నేను చాలామందిని చూశాను. అలా చెప్పిన ప్రతి ఇల్లూ లెక్కల్లోంచి జారిపోతుంది. రేపు తెలుగు బడి కావాలని అడిగితే పిల్లలెక్కడున్నారని అధికారి పట్టిక తీసి చూపిస్తాడు. అందుకని ఇంట్లో పెద్దవారికి ముందే చెప్పి ఉంచండి.

అంతకుముందే మీరు ఒక చిన్న లెక్క చేయండి. మీరున్న ఊరు ఖరగ్‌పూర్ అయినా, గాజువాక అయినా, ఫ్రిస్కో అయినా సరే. మీ వీధిలో ఇరవై ఇళ్లు ఎంచుకోండి. కాగితం పైన ముందుగా మీరు గీసుకున్న గీత ఏమిటో, అంటే ఏ మూల నుంచి ఏ మూల వరకో రాయండి. ప్రతి ఇంట్లో మూడు సంగతులు అడగండి: ఏ సంవత్సరంలో, ఎక్కడి నుంచి వచ్చారు; ఉంటున్నది సొంత ఇల్లా, అద్దె ఇల్లా, క్వార్టరా; చదువు అయిపోయిన పిల్లలు ఇక్కడే ఉన్నారా, వెళ్లారా, వెళితే ఉండలేక వెళ్లారా, ఉండనక్కరలేక వెళ్లారా. తాళం వేసిన ఇళ్లను వదిలేయకండి. వాళ్లు ఎటు వెళ్లారో, ఎందుకు వెళ్లారో పక్కింటివారికి తెలిసే ఉంటుంది.